జేజి గదికి సిగ్నల్

"ఈసారి సంచికలో టెక్నికల్ పాఠం ఒకటి ఉండాలి, కానీ ఎగ్జామ్ ముందురోజు చదివే నోట్స్‌లా ఉండకూడదు" అని క్లబ్ మీటింగ్‌లో అనుకున్నారు. నేను చేయెత్తాను. ఎందుకంటే ఈ వేసవి సెలవుల్లో మా ఇంట్లో వైఫై సరిచేయడానికి నాకు పదహారు రోజులు పట్టింది. మాది ఈసీఈ, మూడో సంవత్సరం అయిపోయింది. యాంటెన్నాల గురించి రాసి పాసైనవాణ్ణి. అయినా పదహారు రోజులు! మీకు ఒక్క పూటలో అయిపోవాలని ఇది రాస్తున్నాను.

ముందు ఇల్లు గురించి చెప్పాలి, వైఫై సమస్యలో సగం ఇల్లే కాబట్టి.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. ముత్తాత కట్టించిన ఇల్లు. రాతి గోడలు, మూరెడు మందం, పైన కడప బండల మిద్దె. ఎండాకాలంలో చల్లగా ఉంటుందని వచ్చినోళ్లంతా మెచ్చుకుంటారు. వీధి వైపు నాయన అంగడి, దాని వెనక నడిమిల్లు, ఆ వెనక వంటింటి పక్కన ఒక గది. ఆ చివరి గదిలో మా జేజి మంచం. పోయినేడాది జారిపడి తుంటి ఎముక విరిగినప్పటి నుంచి ఆమె ఆ గది దాటి రావడం కష్టం.

మా చిన్నాయన కువైట్‌లో డ్రైవరు. అక్కడ శుక్రవారం సెలవు. వాళ్లకు మధ్యాహ్నం రెండైతే మనకు నాలుగున్నర. ఆ టైముకి వీడియో కాల్ చేస్తాడు. జేజికి చెవులు సరిగ్గా వినపడవు, మనిషి నోరు చూసి మాట పట్టుకుంటుంది. కాబట్టి ఆమెకి ఫోన్ అంటే వీడియోనే. ఆ గదిలో వీడియో ఎలా వచ్చేదంటే, చిన్నాయన "అమ్మా, తిన్యావా" అంటాడు, అంతే, మొహం అలాగే బిగుసుకుపోతుంది. ముప్పై సెకన్లు, నలభై సెకన్లు. మనకది నెట్ ఆగడం. జేజికి కొడుకు తన మొహం చూస్తూ పలకకుండా కూర్చోవడం.

"వానికి నా మింద కోపముండాది. కాలవకాడి చేను మీ నాయనకు రాసిచ్చినప్పట్నుంచి ఇంతే" అంది నేను వెళ్లిన మరుసటి రోజే. నెట్ వల్ల అని చెబితే, మేమేదో సర్దిచెప్తున్నామనుకుంది. చిన్నాయనకి ఈ సంగతే తెలియదు. అతని వైపు ఆమె బొమ్మ కూడా నిలబడిపోయేది. అమ్మ అలసిపోయిందిలే అనుకుని పెట్టేసేవాడట.

నాయన దీనికంతా కేబుల్ ఆయన్ని తిట్టేవాడు. ఆయన మూడుసార్లు వచ్చి చూసి, "లోపలికి బాగానే వస్తాంది అన్నా" అని చెప్పి పోయాడు. నేను కూడా ఆయన అబద్ధం చెప్తున్నాడనే అనుకున్నాను. నా మొదటి తప్పు అదే.

అంగడిలో, బియ్యం మూటల పక్కన కింది అరలో, ఒక తెల్లటి పెట్టె ఉంది. దాన్ని మా ఇంట్లో 'నెట్టు' అంటారు. చూడటానికి ఒక్కటే గానీ అందులో నాలుగు పనులు జరుగుతాయి. గాజు తీగలో వచ్చే వెలుతురుని కరెంటు సంకేతంగా మార్చేది ఓఎన్‌టీ. బయటి ప్రపంచానికీ ఇంటికీ మధ్య నిలబడి ఎవరి ఉత్తరం వాళ్లకి పంచేది రౌటర్. వెనక ఉన్న పసుపు రంగు సాకెట్లు స్విచ్. గాలిలో పంపించేది యాక్సెస్ పాయింట్. మనం అన్నిటినీ కలిపి 'రౌటర్' అనేస్తాం. ఆ నాలుగింటిలో చెడిపోయింది ఏదో తెలియకుండా మొత్తం మార్చేయడం, జ్వరం వచ్చిందని మనిషినే మార్చేసినట్టు ఉంటుంది.

రౌటర్ పనిని హాస్టల్‌తో పోల్చుకుంటే సులువు. బయట నుంచి చూస్తే మన హాస్టల్ మొత్తానికి ఒకటే చిరునామా. పార్సిల్ గేటు దాకా వస్తుంది, అక్కడి నుంచి వార్డెన్ దగ్గరున్న రిజిస్టరు చూసి ఏ గదికో పంపుతారు. రౌటర్ కూడా బయటికి ఒకటే ఐపీ చూపించి, లోపల ఏ ఫోన్ ఏం అడిగిందో గుర్తుపెట్టుకుని వచ్చిన జవాబుని దానికే ఇస్తుంది. దీన్నే నాట్ అంటారు. కొత్తగా వచ్చినవాడికి గది నంబరు కేటాయించే పని డీహెచ్‌సీపీది. ఇంట్లోకి కొత్త ఫోన్ రాగానే "నీ నంబరు 192.168.1.7, బయటికి పోవాలంటే 192.168.1.1 దగ్గరకు పో" అని చెప్పేది అదే. ఈ వార్డెన్‌ని గుర్తుపెట్టుకోండి, తర్వాత గొడవ ఈయనతోనే.

ఇంట్లో నెట్ నెమ్మదిగా ఉందంటే మొట్టమొదట చేయాల్సిన పని ఒకటుంది. లాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో నేరుగా ఆ పెట్టెకి తగిలించి, వైఫై ఆపేసి, స్పీడ్ చూడాలి. నేను ఈ పని ఐదో రోజు చేశాను. మా ప్లాన్ 40 ఎంబీపీఎస్. కేబుల్‌తో 38 వచ్చింది. ఒక వీడియో కాల్‌కి రెండు మూడు ఎంబీపీఎస్ ఉంటే సరిపోతుంది. అంటే కేబుల్ ఆయన చెప్పింది నిజం. నెట్ మా గుమ్మం దాకా బాగానే వస్తోంది, గుమ్మం నుంచి జేజి మంచం దాకా పోవడం లేదు.

అప్పుడు ఫోన్‌లో సిగ్నల్ కొలిచే యాప్ ఒకటి పెట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఇలాంటివి ఉచితంగానే దొరుకుతాయి. గీతలు చూడకండి, డీబీఎం అంకె చూడండి. అది మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. పెట్టెకి మీటరు దూరంలో −38. నడిమింట్లో −61. జేజి మంచం దగ్గర −84. చూడటానికి 38కీ 84కీ పెద్ద తేడా లేనట్టే ఉంటుంది. కానీ డీబీల్లో పది తగ్గితే పవర్ పదో వంతు అయినట్టు. ఇక్కడ తగ్గింది 46. అంటే దాదాపు నలభై వేలో వంతు. మామూలుగా −67 కంటే మెరుగ్గా ఉంటే వీడియో కాల్‌కి ధైర్యంగా కూర్చోవచ్చు. −80 దాటితే కనెక్ట్ అయినట్టు చూపిస్తుందే గానీ పని జరగదు.

ఇప్పుడు క్లాసులో బట్టీ పట్టిన సూత్రం పనికొచ్చింది. ఖాళీ ప్రదేశంలో దూరం పన్నెండు రెట్లయితే తగ్గేది 20 లాగ్ 12, అంటే సుమారు 22 డీబీ. మంచం పెట్టెకి పన్నెండు మీటర్లు. గోడలే లేకపోతే అక్కడ −60 ఉండాలి. ఉన్నది −84. మిగతా 24 డీబీ ఎవరు తిన్నారు? మా ముత్తాత కట్టించిన రెండు గోడలు, చెరి పన్నెండు. 5 గిగాహెర్ట్జ్ అయితే నడిమిల్లు దాటనే లేదు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ రాతిలో నష్టం ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగమైనదని అందరూ చెప్తారు, నిజమే, అది ఉన్న గదిలోనే. రాతి ఇళ్లకీ, పాతకాలపు సున్నపు గోడలకీ 2.4 గిగాహెర్ట్జే గతి.

కింది అర నుంచి పెట్టెని తీసి అంగడి గోడకి, తలుపుపైన, నిలువుగా బిగించాను. బియ్యం మూటలు, ఇనుప రాకులు, పక్కనే ఉన్న ఫ్రిజ్ అన్నీ దారిలోంచి తప్పుకున్నాయి. గాజు తీగని మాత్రం చాలా జాగ్రత్తగా తిప్పాలి. రాగి తీగలా మడిచేస్తే మడత దగ్గర వెలుతురు బయటికి కారిపోతుంది, ఎర్ర లైటు వెలుగుతుంది, అప్పుడు కేబుల్ ఆయన్ని నిజంగానే పిలవాల్సి వస్తుంది. ఉన్న రెండు యాంటెన్నాలనీ నిలువుగా నిలబెట్టాను. నిలువు యాంటెన్నా నుంచి తరంగాలు గారె ఆకారంలో వస్తాయి. మా సీమ అలసంద వడ కాదు, మధ్యలో చిల్లున్న మినప గారె. యాంటెన్నా ఆ చిల్లులో ఉందనుకోండి. పక్కలకి బాగా పోతుంది, నెత్తిమీదకీ కాళ్లకిందకీ పోదు. మేడ మీద గదికి సిగ్నల్ కావాలనుకునేవాళ్లు ఒక యాంటెన్నాని పడుకోబెట్టి చూడొచ్చు. మాకు మేడ లేదు. ఇదంతా చేస్తే −84 కాస్తా −79 అయింది. పైసా ఖర్చు లేకుండా ఐదు డీబీ అంటే మూడు రెట్ల పవర్, చిన్న విషయం కాదు. కానీ సరిపోలేదు.

అప్పుడు డబ్బులు తగలేశాను. ప్రొద్దుటూరు వెళ్లి ఎక్స్‌టెండర్ ఒకటి కొనుక్కొచ్చి, జేజి మంచం పక్కన ప్లగ్గులో పెట్టాను. ఫోన్‌లో గీతలన్నీ నిండుగా వచ్చేశాయి. శుక్రవారం నాలుగున్నరకి నేనే పక్కన కూర్చుని ఫోన్ పట్టుకున్నాను. చిన్నాయన వచ్చాడు, నవ్వాడు, "అమ్మా" అన్నాడు, బిగుసుకుపోయాడు.

జేజి కాసేపు ఆ మొహాన్ని చూసి నా వైపు తిరిగింది. "సూడు అబ్బీ, నువ్వొచ్చి ఇంత చేసినా వాడు పలకల్యా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంగతి చాలా తేలిక, నేను చూడలేదంతే. ఎక్స్‌టెండర్ తనకి వినపడినదాన్నే మళ్లీ చెప్తుంది. దానికి వినపడేదే −79. ఫోన్‌లో కనపడే గీతలు ఫోన్‌కీ ఎక్స్‌టెండర్‌కీ మధ్య సంగతి చెప్తాయి, ఎక్స్‌టెండర్‌కీ అసలు పెట్టెకీ మధ్య సంగతి చెప్పవు. సరిగ్గా వినపడనివాణ్ణి తీసుకెళ్లి గది చివర కూర్చోబెట్టి, పాఠం మళ్లీ చెప్పమన్నట్టు. దాన్ని సిగ్నల్ లేనిచోట కాదు, సిగ్నల్ ఇంకా బాగా ఉన్న నడిమింట్లో పెట్టాలి. మరుసటి రోజు అక్కడికి మార్చాను, మెరుగైంది. కానీ ఒకే రేడియోతో అటు వినాలి, ఇటు చెప్పాలి. ఇలాంటి చవక రకాల్లో వేగం సగానికి పడిపోతుంది. సాయంత్రం చెల్లెలు కూడా ఏదో చూడటం మొదలుపెట్టిందంటే మళ్లీ మొదటికే.

హాస్టల్‌లో మా సీనియర్‌కి ఫోన్ చేస్తే, "గాల్లో పోనప్పుడు తీగ లాగు" అన్నాడు. అంతే. ఎక్స్‌టెండర్ కంటే తక్కువ ఖర్చుతో ఇరవై మీటర్ల క్యాట్ 6 కేబుల్, రెండు చివర్లా ప్లగ్గులు కొట్టించి తెచ్చాను. మా చుట్టాలింట్లో మూలపడి ఉన్న పాత రౌటర్ అడిగి తెచ్చుకున్నాను. కేబుల్‌ని వెంటిలేటర్లలోంచి దూర్చి అంగడి నుంచి జేజి గదికి లాగాను. రాతి గోడకి రంధ్రం కొట్టే పని లేదు.

తీగ లాగితే డొంకంతా కదిలింది. పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా మాత్రమే వాడాలి, అంటే దాని రౌటర్ ఉద్యోగాన్నీ వార్డెన్ ఉద్యోగాన్నీ తీసేయాలి. నేను దాని ఐపీని 192.168.1.2గా మార్చాను, బాగానే ఉంది. డీహెచ్‌సీపీ ఆపడం మర్చిపోయి కేబుల్ తగిలించేశాను. అంటే ఒకే హాస్టల్‌లో ఇద్దరు వార్డెన్లు, రెండు రిజిస్టర్లు. ఏ ఫోన్‌కి ఎవరు ముందు జవాబిస్తే దానికి వాళ్ల నంబరు. రెండో వార్డెన్ "బయటికి పోవాలంటే నా దగ్గరకు రండి" అంటాడు, ఆయన దగ్గర గేటే లేదు. అరగంటలో నాయన కేక పెట్టాడు. ఫోన్‌లో వైఫై ఉంది, నెట్ లేదు. అంగట్లో నలుగురు నిలబడి ఉన్నారు, ఒకాయన నూనె ప్యాకెట్లకి డబ్బు పంపించానంటాడు, నాయన ఫోన్‌లో వచ్చినట్టు లేదు. "ఇంజినీరింగు సదివి అంగడి మూయిస్తాండవు గదరా" అన్నాడు అందరి ముందే.

కాబట్టి వరుస ఇదీ. పాత రౌటర్‌ని ముందు రీసెట్ చేసి, దేనికీ కలపకుండా, ఒక్క లాప్‌టాప్‌కే కేబుల్‌తో తగిలించండి. దాని అడుగున స్టిక్కర్ మీద ఉన్న చిరునామాని బ్రౌజర్‌లో కొట్టండి. కొత్త మోడల్ అయితే 'యాక్సెస్ పాయింట్ మోడ్' అని ఒక బటనే ఉంటుంది, అది నొక్కితే అన్నీ అదే చూసుకుంటుంది. లేకపోతే ముందు వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టి, తర్వాత డీహెచ్‌సీపీ ఆపి, చివర్లో దాని ఐపీని అసలు రౌటర్ వాడని నంబరుకి మార్చండి. ఐపీ మారగానే ఆ పేజీ పోతుంది, భయపడొద్దు. ఇక కేబుల్‌ని రెండువైపులా లాన్ సాకెట్లకే పెట్టాలి. బటన్ లేని పాత రకాల్లో వాన్ అని రాసి ఉన్న సాకెట్‌ని ఖాళీగా వదిలేయండి. చూస్తే అదే సరైనదిలా ఉంటుంది, కాదు. పేరూ పాస్‌వర్డూ రెండు పెట్టెలకీ ఒకటే పెడితే ఇంట్లో తిరిగేటప్పుడు ఫోన్ తనే దగ్గరున్నదానికి మారుతుంది. కొన్ని ఫోన్లు మొండిగా పాతదాన్నే పట్టుకు వేలాడతాయి, వాటికి వైఫై ఒకసారి ఆపి ఆన్ చేయడమే మందు.

ఛానెల్ మాత్రం రెండిటికీ వేరువేరుగా పెట్టాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 13 ఛానెళ్లు వాడొచ్చు. కానీ పక్కపక్క ఛానెళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జే, ఒక్కో సిగ్నల్ పట్టే వెడల్పు 20. పక్కవాడి కంచం మీదకి చెయ్యి పోకుండా కూర్చోవాలంటే మూడే చోట్లు, 1, 6, 11. మా వీధిలో నాలుగు ఇళ్ల రౌటర్లు 6 మీదే ఉన్నాయి. అంగడిదాన్ని 1కి, జేజి గదిదాన్ని 11కి పెట్టాను, వెడల్పు 20కే బిగించాను. 40 పెడితే వేగం పెరుగుతుందని ఆశ పడతాం, వీధంతా పాకి అందరితోనూ గుద్దుకోవడమే మిగులుతుంది. ఈ బ్యాండుకి ఇంత రద్దీ ఎందుకంటే దీనికి లైసెన్సు అక్కర్లేదు. మన దేశంలో 2005లో తక్కువ పవర్ పరికరాలకి లైసెన్సు ఎత్తేశారు. బ్లూటూత్ ఇక్కడే, మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 దగ్గరే.

నాలుగు మాటలు తాళం గురించి కూడా. మా పాస్‌వర్డ్ ఏమిటో ఊరంతా తెలుసు, నాయన ఫోన్ నంబరు, అంగడి బోర్డు మీదే రాసి ఉంది! అడిగితే నాయన లేదనడు. కాదనమని చెప్పడం నా వల్ల కాలేదు. అందుకని గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి వేరే పేరుతో పెట్టి, దానికి ఒక తేలిక పాస్‌వర్డ్ ఇచ్చి, ఆయనకి అదే చెప్పాను. గెస్ట్‌లో ఉన్న ఫోన్లకి బయటి నెట్ అందుతుంది, మా ఇంటి ఫోన్లు కనపడవు. అసలుదానికి డబ్ల్యూపీఏ2 పెట్టి, నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాశాను. ఒకదానికొకటి సంబంధం లేని మాటలైతే చాలు. రౌటర్ సెట్టింగులకి ఉండే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు, దాన్ని చాలామంది ముట్టుకోరు. 2016లో మిరాయ్ అనే వైరస్ కెమెరాల్నీ రౌటర్లనీ లక్షల్లో పట్టుకుంది ఈ కంపెనీ పాస్‌వర్డ్‌లతోనే. డబ్ల్యూపీఎస్ కూడా ఆపేయండి. ఎనిమిది అంకెల పిన్ అంటే పది కోట్ల ప్రయత్నాలు అనుకుంటాం. అది ముందు నాలుగంకెలు, తర్వాత మిగతావి విడివిడిగా సరిచూస్తుంది, చివరి అంకె లెక్కగట్టి వచ్చేదే. మొత్తం పదకొండు వేల ప్రయత్నాలు చాలు. 2011లోనే ఇది బయటపడింది, ఇప్పటికీ పాత పెట్టెల్లో ఆ బటన్ ఆన్‌లోనే ఉంటోంది. మా పాత రౌటర్‌లో ఉంది.

గురువారం రాత్రి జేజి మంచం దగ్గర కొలిస్తే −41. స్పీడ్ 30కి పైనే.

శుక్రవారం నాలుగున్నర. ఫోన్‌ని చెంబుకి ఆనించి నిలబెట్టాను. చిన్నాయన గదిలో వెనక ఎవరో బట్టలు ఆరేస్తున్నారు, అది కూడా కదులుతూ కనపడుతోంది. జేజి ఎప్పట్లాగే ముందు నోరు చూసింది. తర్వాత కాసేపటికి అడిగేసింది.

"ఏంరా, ఇన్నాళ్లూ నా మింద అలిగినావా?"

"నేనెందుకు అలుగుతానమ్మా?"

"చేను మీ అన్నకిస్తినని."

చిన్నాయన మాట్లాడలేదు. నేను భయపడి ఫోన్ వైపు చూశాను, ఆగిపోయిందేమో అని. ఆగలేదు, అతని కళ్లు కదులుతూనే ఉన్నాయి. తర్వాత, "అప్పుడు బాధపడినా మా, లేదనను. అది ఎప్పుడో పాయె" అన్నాడు. జేజికి మొదటిసారి సరిగ్గా అందలేదు. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాడు, ఈసారి నెమ్మదిగా, నోరు బాగా తెరిచి. నేను లేచి బయటికి వచ్చేశాను. కాల్ యాభై నిమిషాలు నడిచిందని తర్వాత ఫోన్‌లో చూశాను.

కేబుల్ ఆయన ఆ తర్వాత డబ్బుల కోసం వచ్చినప్పుడు నాయన కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. ఆయనకి ఎందుకో అర్థం కాలేదు. ఎక్స్‌టెండర్‌ని అంగడివాడు వెనక్కి తీసుకోలేదు, ఎవరికైనా నడిమింట్లో పెట్టుకోవడానికి కావాలంటే నా దగ్గరుంది, సగం ధరకి ఇస్తాను. కరెంటు పోతే రెండు పెట్టెలూ ఆరిపోతున్నాయి, 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు రెండు కొనాలి. కేబుల్ ఇంకా వెంటిలేటర్ నుంచి వేలాడుతూనే ఉంది. దసరాకి పోయినప్పుడు క్లిప్పులు కొట్టాలి, నాయన ఇప్పటికి రెండుసార్లు గుర్తుచేశాడు.